అలార్డు సేనాని

పతకము చూచుటకు చిన్న వస్తువు. అరచేతిలో పెట్టుకొని చూచినచో దాని బరువు కూడ తెలియదు. అయినను అట్టి చిన్న బిళ్లను ఱొమ్మున ధరించుటకై వేలకొలది సైనికులు ఫిరంగుల నోళ్లకు ఎదురేగిరి. దాని విలువ అందలి బంగారమునందు గాని వెండియందు గాని లేదు. ఇచ్చిన ప్రభువునకును, పుచ్చుకొన్న వీరునకును నడుమ గల నమ్మకమే దాని విలువ. ఆ నమ్మకము చెడినచో పతకము వట్టి లోహపు ముక్కయే. ఈ సత్యమును తన జీవితముచే చూపిన ఆశ్వికసేనాని యొకడు ఫ్రాన్సు దేశమున పుట్టి, నెపోలియను చక్రవర్తి జెండా క్రింద పోరాడి, తుదకు పంజాబు సింహమని పేరొందిన రణజిత్ సింగు మహారాజు కొలువున కన్నుమూసెను. అతడే ఝాన్ ఫ్రాంస్వా అలార్డు.

అలార్డు 1785వ సంవత్సరము మార్చి 8వ తేదీన సెయింట్ ట్రోపె అను ఊరిలో జన్మించెను. అది ఫ్రాన్సు దేశపు దక్షిణపుటంచున, మధ్యధరా సముద్రపు టొడ్డున నున్న చిన్న రేవు పట్టణము. ఆ యూరివారిలో పెక్కుమంది చేపలు పట్టియు, ఓడలు నడపియు జీవించెడివారు. అలార్డునకు నాలుగేండ్ల వయస్సు వచ్చునప్పటికి, 1789లో, ఫ్రాన్సు దేశమున మహావిప్లవము చెలరేగెను. అంతకు ముందు సైన్యమున పెద్ద యుద్యోగములు సాధారణముగా ప్రభువంశముల వారికే లభించుచుండెను. విప్లవము ఆ గోడను కూలద్రోసెను. పుట్టుకను బట్టి గాక పరాక్రమమును బట్టి పదవు లీయవలెనను నియమ మేర్పడెను. అలార్డువంటి పిల్లలు ఆ క్రొత్తగాలిలో పెరిగిరి.

ఆ నియమమునకు గుర్తుగా నెపోలియను 1802లో లీజియన్ ఆఫ్ ఆనర్ అను గౌరవ బిరుదమును స్థాపించెను. ఐదు కొమ్మలు గల తెల్లని నక్షత్రము, నడుమ చిత్తరువు, పైన ఎఱ్ఱని పట్టునాడా, ఇదియే దాని రూపము. 1804వ సంవత్సరము జూలై నెలలో పారిస్ నగరమున మొదటిసారి ఈ బిరుదములు పంచిపెట్టబడినవి. సేనాధిపతికిని, సామాన్య సిపాయికిని, పండితునకును ఒకే బిరుదము దొరకుట ఆ కాలమున గొప్ప వింత. ఆ యెఱ్ఱని నాడా కనబడినచోట బాటసారులు సైతము నిలిచి గౌరవించెడివారు. యువకులు దానికై కలలు కనుచుండిరి.

అలార్డు యౌవనముననే ఆశ్వికదళమున చేరెను. ఇటలీ, స్పెయిను, పోర్చుగలు దేశములలో జరిగిన దండయాత్రలందు పాల్గొనెను. రెండుమారులు గాయపడెను. మెట్టుమెట్టుగా పైకి వచ్చి, కెప్టెను పదవి నందెను. అతడు కోరుకొన్న తెల్లని నక్షత్రము కూడ అతని ఱొమ్మున చేరెను.

ఆనాటి ఆశ్వికుని పని కేవలము గుఱ్ఱముపై పరుగెత్తి కత్తి త్రిప్పుట కాదు. నూర్లకొలది గుఱ్ఱములు ఒకే వరుసలో మొదట నడకతో, పిమ్మట జోడుతో, తుదకు దౌడుతో కదలవలెను. ఒక్క గుఱ్ఱము ముందునకు దూకినను, ఒక్కటి వెనుకబడినను వరుస చెదరును. వరుస చెదరిన దండు శత్రువును తాకకముందే సగము ఓడిపోవును. అంతటి పరుగులో కూడ నాయకుని కేక విని ఆగగలవాడే నిజమైన ఆశ్వికుడు. ధైర్యముకంటె అణకువ కష్టమైన విద్య యని అలార్డు ఆ దండయాత్రలలో నేర్చుకొనెను. అదియే తరువాత అతనికి అన్నము పెట్టిన విద్య.

రాజ్యములు నిలిచినంత కాలమే వాని బిరుదములు నిలుచునని కూడ అతడు కన్నులార చూచెను. నెపోలియను తన యన్నయగు జోసెఫును స్పెయిను దేశమునకు రాజుగా చేయగా, అతడును ఒక నక్షత్ర బిరుదమును కల్పించెను. దాని రంగు చూచి స్పెయిను ప్రజలు వంకాయ బిరుదమని ఎగతాళి చేసిరి. ఐదేండ్లు గడచునప్పటికి జోసెఫు సింహాసనమును పోయెను, వంకాయ బిరుదమును పోయెను. 1814లో నెపోలియను పదవీచ్యుతుడయ్యెను. క్రొత్తగా వచ్చిన రాజు లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదమును రద్దు చేయలేదు గాని, నక్షత్రము నడుమనున్న నెపోలియను ముఖమును తీయించి, పూర్వపు రాజగు నాలుగవ హెన్రీ ముఖమును పెట్టించెను. బిరుదము పేరు మాఱలేదు. ముఖము మాత్రము మాఱెను.

1815లో నెపోలియను మరల వచ్చి నూఱు దినములు పాలించెను. అలార్డు అప్పుడు మార్షల్ బ్రూన్ అను సేనాపతికి అంగరక్షకాధికారిగా నుండెను. ఆ సంవత్సరము జూన్ 18వ తేదీన వాటర్లూ యుద్ధమున నెపోలియను సంపూర్ణముగా ఓడిపోయెను. ఆగస్టు 2వ తేదీన అవిన్యోను పట్టణమున రాజపక్షపు మూకలు మార్షల్ బ్రూనును చంపివైచిరి. చక్రవర్తిని సేవించిన వేలకొలది అధికారులు సగము జీతముతో ఇంట కూర్చుండవలసి వచ్చెను. ముప్పది యేండ్ల ప్రాయమున అలార్డు అట్టివారిలో ఒకడయ్యెను. నిన్నటిదాక గౌరవచిహ్నముగా నున్న అతని గతము నేడు అనుమానమునకు కారణమయ్యెను.

కత్తి యొక్కటే తెలిసినవాడు ఖాళీగా కూర్చుండి ఏమి చేయును? అలార్డు స్వదేశమును విడిచి తూర్పు దిక్కునకు పయనమయ్యెను. పారసీక దేశమున యువరాజు అబ్బాస్ మీర్జా తన సేనలను యూరపు పద్ధతిని దిద్దుకొనుచున్నాడని విని అచ్చటకు చేరెను. కాని అక్కడ అతడాశించిన సేనానాయకత్వము లభింపలేదు. ఆ దేశమున అతనికి వెంచురా అను మిత్రుడు దొరకెను. వెంచురా ఇటలీ దేశస్థుడు, అతడును నెపోలియను సేనలలో పనిచేసినవాడే. సింధునదికి ఆవల ఒక మహారాజు బలమైన రాజ్యమును కట్టుచున్నాడని ఇరువురును వినిరి. వర్తకుల వలె వేషములు మార్చుకొని, కాందహారు, కాబూలు, పెషావరుల మీదుగా కొండలును ఎడారులును దాటి, 1822వ సంవత్సరము మార్చి నెలలో లాహోరు నగరము చేరిరి.

ఫ్రెంచి సైనికులు మన దేశపు కొలువులలో చేరుట అదియే మొదలు కాదు. బొబ్బిలి యుద్ధకథలో బుస్సీ పేరు తెలుగువారందఱు ఎఱుగుదురు. హైదరాబాదున నిజాము సేనలకు శిక్షణ నిచ్చిన రేమాండు మఱియొకడు. ప్రజలు అతనిని మూసా రాముడని ప్రేమతో పిలిచిరి. మూసారాంబాగు అను పేట నేటికిని అతని పేరును మోయుచున్నది. రేమాండు 1798లో చనిపోగా, ఆ సంవత్సరముననే ఆంగ్లేయులు నిజామునకు నచ్చజెప్పి అతని దళములను విడగొట్టించిరి. భారతదేశమున ఏ రాజు కొలువులోనైన ఫ్రెంచి సేనాని యున్నాడన్న ఆంగ్లేయులకు నిద్ర పట్టెడిది కాదు.

రణజిత్ సింగు ఈ సంగతులన్నియు తెలిసినవాడు. ఆయనకు అక్షరములు రావు. బాల్యమున మశూచికము సోకి ఎడమకన్ను పోయెను. కాని మిగిలిన యొక్క కంటితోనే మనుష్యుల లోపలిదాక చూడగలవాడని పేరు. 1799లో లాహోరును గైకొని, 1801లో మహారాజై, 1809లో ఆంగ్లేయులతో సంధి చేసికొని, సట్లెజ్ నదిని ఇరువురకు ఎల్లగా నిర్ణయించుకొనెను. నదికి ఈవల తన రాజ్యము, ఆవల కుంపిణీవారి తుపాకులు. అట్టి సమయమున ఎక్కడనుండియో ఇద్దఱు తెల్లవారు వచ్చి కొలువు కోరినచో అనుమానింపక తప్పునా? వీరు నిజముగా ఫ్రెంచి సైనికులా, లేక ఆంగ్లేయులు పంపిన వేగులా?

మహారాజు వారిని ఆదరముగా బసచేయించెను గాని వెంటనే కొలువీయలేదు. వారి కోరికలను ఫ్రెంచి భాషలో వ్రాసి యిమ్మని అడిగెను. ఆ లేఖను లూధియానాలోనున్న తన ప్రతినిధికి పంపి, మాటకు మాటగా తర్జుమా చేయించి తెప్పించుకొనెను. నోటితో చెప్పినదియు, కాగితముపై నున్నదియు ఒక్కటే యని తేలిన పిమ్మటనే ఆయన మనస్సు కొంత కుదుటపడెను. ఆపైన నియమములు విధించెను. గోమాంసము తినరాదు. గడ్డము గొఱుగరాదు. వీలైనంతవఱకు పొగాకు ముట్టరాదు. ఈ దేశముననే కాపురముండవలెను. మహారాజు ఆజ్ఞాపించినచో ఏ జాతివారితోనైన, తమ జాతివారితోనైన, పోరాడవలెను. అలార్డును వెంచురాయును ఒప్పుకొనిరి. వెంచురాకు కాల్బలమును, అలార్డునకు ఆశ్వికదళమును దిద్దు పని అప్పగింపబడెను.

పని సులభము కాలేదు. సిక్కు వీరులు పుట్టుకతోనే గుఱ్ఱపురౌతులు. ఒక్కొక్కడు ఒక్కొక్క దండువంటివాడు. వరుసలో నిలుచుట, కేకకు కదలుట, కేకకు ఆగుట వారికి చిన్నతనముగా తోచెను. పాదములు కలిపి నడచు కవాతును పిచ్చివాండ్ర నాట్యమని వారు పరిహసించిరి. విదేశీయుని ఆజ్ఞకు లోబడుట మఱింత కష్టము. మహారాజు తానే కవాతు మైదానమునకు వచ్చి చూచుచు, మెచ్చుకొనుచు, బహుమతులిచ్చుచు ఆ బిడియమును పోగొట్టెను. అలార్డు కూడ తొందరపడలేదు. అతడు శాంతస్వభావుడు. ఎవరినీ అవమానింపడు. సిక్కుల యాచారములను మన్నించుచు, తెల్లని గడ్డము నాభిదాక పెంచి, వారిలో ఒకడై పోయెను. కొన్నేండ్లలో లాహోరు మైదానమున ఫ్రెంచి భాషలోని ఆజ్ఞలకు పంజాబు రౌతులు ఒకే వరుసగా కదలజొచ్చిరి. వారి దళములకు ఫౌజ్-ఇ-ఖాస్ అని పేరు. మూడు రంగుల జెండాపై గురువునకు జయమను పంజాబీ మాట మెఱయుచుండెను.

1823వ సంవత్సరము మార్చి 14వ తేదీన నౌషెరా వద్ద జరిగిన యుద్ధమున క్రొత్త సేనకు పరీక్ష వచ్చెను. కాబూలు నదికి ఒక గట్టున మహారాజు ఆఫ్గను తెగల వారితో ఘోరముగా పోరాడుచుండెను. రెండవ గట్టున అజీంఖాను తన సేనతో నిలిచియుండెను. అతడు నదిని దాటి వచ్చి తనవారితో కలిసినచో యుద్ధము చేజాఱును. అతని నాపుటకు నియమింపబడిన వారిలో హరిసింగు నల్వాతోపాటు అలార్డును వెంచురాయును ఉండిరి. ఆ దినమున అకాలీ ఫూలాసింగు మున్నగు వీరులనేకులు నేలకొఱిగిరి. అయినను విజయము మహారాజుదే యయ్యెను. పిచ్చివాండ్ర నాట్యమని నవ్వినవారు అటుపిమ్మట నవ్వలేదు.

అలార్డు 1826లో చంబా కొండ సీమకు చెందిన బన్నూ పాన్ దేయి అను కన్యను వివాహమాడెను. లాహోరులో అతని యిల్లు అతిథులకు తెఱచిన వాకిలి. ఫ్రాన్సునుండి వచ్చిన విక్టర్ జాక్మాన్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1831లో అచ్చటనే ఆదరమును పొంది, అతని సహాయముననే మహారాజును దర్శించెను.

తీరికవేళల అలార్డునకు మఱియొక వ్యసనము గలదు. పంజాబు పొలములలో దున్నువారికి అప్పుడప్పుడు పాత నాణెములు దొరకుచుండెను. రెండువేల యేండ్లకు పూర్వము ఆ ప్రాంతమునేలిన యవన రాజుల ముఖములు వానిపై చెక్కబడియుండెను. ఒకవైపు గ్రీకు అక్షరములు, రెండవవైపు ఖరోష్ఠీ లిపి. అలార్డు అట్టి నాణెముల ననేకము సేకరించెను. వానిపై నున్న రాజులలో కొందఱి పేర్లు అంతవఱకు ఏ చరిత్ర గ్రంథమునను లేవు. వారి కోటలు పోయినవి, బిరుదములు పోయినవి, అరచేతిలో నిముడు లోహపు బిళ్ల మాత్రము నిలిచినది. ఇట్టి నాణెముల సహాయముననే కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ మున్నగు పండితులు మఱుగుపడిన ఖరోష్ఠీ లిపిని చదువగలిగిరి.

1831వ సంవత్సరము అక్టోబరు నెలలో మహారాజునకును ఆంగ్లేయుల గవర్నరు జనరలగు విలియం బెంటింకు ప్రభువునకును సట్లెజ్ నదీతీరమున రూపరు అనుచోట సమావేశ మేర్పాటయ్యెను. నదికి ఇరుప్రక్కల గుడారములు వెలసినవి. పడవల వంతెన కట్టబడెను. 26వ తేదీ ఉదయము మహారాజు నదిని దాటి ఆంగ్లేయుల విడిదికి పోవలెను. ముందునాటి రాత్రి ఆయనకు హఠాత్తుగా అనుమానము కలిగెను. ఆవలి గట్టున పట్టుకొని బంధించినచో గతి యేమి? ఎన్ని సంస్థానములు ఆ విధముగా మోసపోలేదు? తెల్లవారిన తాను పోజాలనని నిశ్చయించుకొని, అర్ధరాత్రము అలార్డును పిలిపించెను.

చుట్టునున్న సర్దారులు ఆయన స్వజనులు, చిన్ననాటి తోడు. మంత్రులు పండితులు, నేర్పరులు. అయినను ఆ గడియలో మహారాజునకు గుర్తు వచ్చినవాడు తొమ్మిదేండ్ల క్రిందట తానే అనుమానించి, లేఖ వ్రాయించి పరీక్షించిన పరదేశి. అలార్డు వచ్చి ఆయన మాటలన్నియు వినెను. అతడు ఆంగ్లేయుల మిత్రుడు కాడు. అతని చక్రవర్తిని ఓడించి దీవిలో బంధించినవారు వారే. అయినను పగను తీర్చుకొనుటకు అది సమయము కాదని అతడు గ్రహించెను. సమావేశము తప్పినచో మాట తప్పినవాడను నింద మహారాజునకు వచ్చును, అనుమానము పెరిగి యుద్ధమునకు దారితీయును. అందుచే ఏ యపాయమును జరుగదని ధైర్యము చెప్పి, జరిగినచో తన తలను తీసికొనవచ్చునని పందెమొడ్డెను.

మహారాజు జ్యోతిష్కులను కూడ అడిగెను. రెండు ఆపిలుపండ్లు తీసికొనిపోయి, ఒకటి గవర్నరు జనరలునకీయవలెననియు, అతడు సంకోచింపక పుచ్చుకొనినచో అంతయు శుభమనియు వారు చెప్పిరి. మఱునాటి యుదయమున మహారాజు నదిని దాటెను. అలార్డు దిద్దిన రౌతులు వెంట నడిచిరి. ఎదురు వచ్చిన బెంటింకునకు మహారాజు పండును చాచెను. ఆయన వెంటనే పుచ్చుకొనెను. మహారాజు ముఖము వికసించెను. తరువాతి దినములన్నియు విందులతోను, కవాతులతోను, కానుకలతోను గడచినవి. అలార్డు తల అతని భుజములపైననే నిలిచెను. అతడు ఆ రాత్రి గెలుచుకొన్న గౌరవమునకు నక్షత్రము లేదు, నాడా లేదు. కాని అంతకంటె గొప్ప పతకమును ఏ రాజును అతని కీయలేదు.

పండ్రెండేండ్లు గడచిన పిమ్మట అలార్డునకు జన్మభూమిని చూడవలెనని కోరిక కలిగెను. పిల్లలకు ఫ్రాన్సులో చదువు చెప్పింపవలెనని కూడ అతని యాశ. మంచి సేనానిని వదలుట మహారాజునకు ఇష్టము లేకపోయినను, 1834లో సెలవిచ్చెను. అలార్డు భార్యాబిడ్డలతో ఓడయెక్కి 1835లో ఫ్రాన్సు చేరెను. సగము జీతపు అధికారిగా అనుమానపు చూపుల నడుమ వెడలిపోయినవాడు ఇప్పుడు రాజాస్థానమున సన్మానితుడయ్యెను. లూయీ ఫిలిప్ రాజు అతనికి లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదములో పై తరగతి నిచ్చి, లాహోరులో ఫ్రాన్సు దేశపు ప్రతినిధిగా నియమించెను. అలార్డు తాను కూర్చిన నాణెములను పారిస్ నగరపు నాణెముల భాండాగారమునకు సమర్పించెను. పండితులు వానిని పరిశీలించి గ్రంథములు వ్రాసిరి.

అలార్డు ఇక తిరిగి రాడని తలచిన వారుండవచ్చును. సముద్రపు టొడ్డున సొంత యూరు, భార్యాబిడ్డలు, రాజసన్మానము, నలుబది దాటి యేబదికి చేరిన వయస్సు. ఉండిపోవుటకు కారణములు లేకపోలేదు. తిరిగి పోవుటకు ఒక్కటే కారణము, ఇచ్చిన మాట. బన్నూ పాన్ దేయిని పిల్లలతో సెయింట్ ట్రోపెలో నిలిపి, 1836లో అతడొంటరిగా మరల ఓడయెక్కెను. ఫ్రాన్సు రాజు లేఖను, కానుకలను వెంట గొనిపోయి మహారాజునకు సమర్పించెను. ఫ్రెంచి ప్రతినిధి లాహోరులో నుండుట ఆంగ్లేయులకు రుచింపలేదు. కాని మహారాజు తన సేనానిని చూచి సంతోషించెను.

1837వ సంవత్సరము మార్చి నెలలో మహారాజు మనుమడు నౌనిహాల్ సింగు వివాహము మహావైభవముగా జరిగెను. ఆ సందర్భమున రణజిత్ సింగు ఒక క్రొత్త బిరుదమును స్థాపించెను. దానికి కౌకబ్-ఇ-ఇక్బాల్-ఇ-పంజాబ్, అనగా పంజాబు భాగ్యనక్షత్రము, అని పేరు. ఫ్రాన్సు దేశపు తెల్లని నక్షత్రమే దానికి మేలుబంతి. కిరణములు గల బంగారు నక్షత్రము నడుమ మహారాజు చిత్తరువు, పైన ఎఱుపును బంగారువన్నెయు గల పట్టునాడా. అందు మూడు తరగతులుండెను. వజ్రము పొదిగినది రాజవంశీయులకును మహాసర్దారులకును, వజ్రమును పచ్చయు పొదిగినది సేనానులకును అధికారులకును, పచ్చ యొక్కటి మాత్రమే పొదిగినది క్రింది సైనికాధికారులకును. సెయింట్ ట్రోపె బాలుడు కలగన్న నక్షత్రము ఈ విధముగా రూపుమాఱి పంచనద భూమిలో ఉదయించెను.

రెండేండ్లు గడువకముందే అలార్డునకు అవసానకాలము వచ్చెను. 1839వ సంవత్సరము జనవరి 23వ తేదీన పెషావరులో అతడు కన్నుమూసెను. అప్పటికి మహారాజు పక్షవాతముచే మాట పడిపోయి మంచము పట్టియుండెను. అలార్డు మరణవార్త వినినచో ఆయన ప్రాణమునకే ముప్పు వచ్చునని భయపడి, సభాసదులు ఆ వార్తను కొన్నాళ్లు దాచిరి.

అలార్డు కోరిక ప్రకారము అతని శరీరమును పెషావరునుండి లాహోరునకు తీసికొనివచ్చిరి. దారిలో ముఖ్యపట్టణములయందెల్ల ఫిరంగులు మ్రోగించి గౌరవించిరి. లాహోరు సమీపమున బాట కిరుప్రక్కల సిపాయిలు బారులు తీఱి నిలిచిరి. అతడు నేర్పిన వరుసలలోనే నిలిచి వారు అతనిని సాగనంపిరి. అంతకు పండ్రెండేండ్ల ముందు చనిపోయిన అతని చిన్నకూతురి సమాధి ఒక తోటలో నుండెను. ప్రజలు దానిని కుడీబాగ్, అనగా బాలిక తోట, అని పిలిచెడివారు. ఆ బిడ్డ ప్రక్కనే తండ్రిని కూడ ఉంచిరి. ఐదు నెలలకు, జూన్ 27వ తేదీన, రణజిత్ సింగు కూడ స్వర్గస్థుడయ్యెను.

మహారాజుతోనే రాజ్యపు బలము క్షీణించెను. 1849లో ఆంగ్లేయులు పంజాబును కలుపుకొనిరి. భాగ్యనక్షత్రమునిచ్చు రాజు లేడు, పుచ్చుకొను వీరుడును లేడు. నాడు వీరుల ఱొమ్ములపై మెఱసిన ఆ నక్షత్రములు నేడు వస్తుప్రదర్శనశాలలయందును, పతకములు సేకరించువారి పెట్టెలయందును అక్కడక్కడ మిగిలియున్నవి. యవన రాజుల నాణెములను అలార్డు ఏరుకొన్నట్లే, అతని కాలపు పతకములను నేటివారు ఏరుకొనుచున్నారు. తెలిసిన సేకర్త పతకమును చూడగానే మొదట అడుగునది దాని బరువు కాదు. ఎవరు ధరించిరి, ఎందులకు పొందిరి, అని యడుగును. ఆ కథ తెలియనిచో అది బంగారమునకు సరితూగు సరుకు మాత్రమే.

బన్నూ పాన్ దేయి తన భర్త తిరిగి వచ్చునని సముద్రపు టొడ్డున ఎదురుచూచినది. వచ్చినది మరణవార్త. ఆ పిమ్మట ఆమె నలుబదియైదేండ్లు జీవించి, 1884లో సెయింట్ ట్రోపెలోనే తనువు చాలించెను. ఫ్రెంచి సేనాని పంజాబు మట్టిలోను, చంబా కన్య ఫ్రాన్సు మట్టిలోను విశ్రమించిరి. 2016లో సెయింట్ ట్రోపె పౌరులు తమ యూరిలో అలార్డు విగ్రహమునకు తోడుగా రణజిత్ సింగు మహారాజు విగ్రహమును, బన్నూ పాన్ దేయి విగ్రహమును నిలిపిరి.

అలార్డు ఇరువురు ప్రభువులను సేవించెను. ఒకరి రాజ్యము అతని కన్నుల యెదుటనే కూలెను. రెండవవారి రాజ్యము అతని వెనుకనే కూలెను. వారి బిరుదములును రాజ్యములతోపాటు విలువ మార్చుకొనినవి. కాని అనుమానముతో చూచిన రాజు అర్ధరాత్రమున పిలిచి సలహా యడుగునంతటి నమ్మకమును అతడు తన నడవడిచే సంపాదించెను. ఆ నమ్మకమును ఏ రాజును తీసివేయజాలడు, ఏ యుద్ధమును ఓడింపజాలదు. పతకమును ఇతరులు మన ఱొమ్మునకు తగిలింతురు. దానికి తగిన మనుష్యుడగుట మాత్రము ఎవరికి వారు చేసికొనవలసిన పని.